సార్ పెట్టిన లింకు

బడి మూసేసిన ఏడాది మా ఇంట్లో పెద్ద ఫోన్ ఒక్కటే ఉండేది. చీరల ఫోటోలు సేటుకు పంపడానికి నాయిన కొన్నాడు. పొద్దున క్లాసుల వేళకు నాకిచ్చేవాడు. నేను తొమ్మిదో తరగతి. మధ్య గదిలో నాయిన మగ్గం, పక్కన రాట్నం ముందు కూర్చుని దారం చుట్టే అవ్వ. మా అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. వాళ్ళకు చేయి చాపితే అందేంత దూరంలో నా బడి.

అప్పుడు సిద్దిపేటలో అందరికీ అందరి మీదా అనుమానమే. ఎవరైనా దగ్గితే వీధంతా ఆ తలుపు వైపు చూసేది. మా ఇంట్లో ఆ అనుమానం నా మీదికి మళ్ళింది. నేను ఫోన్‌లో మాట్లాడడం మొదలుపెట్టగానే మగ్గం చప్పుడు ఆగిపోయేది. తలెత్తి చూస్తే నాయిన తెగిన పోగు అతికిస్తున్నట్టు నటించేవాడు. అన్నిసార్లు పోగులు ఏ మగ్గం మీదా తెగవు. నేను నేతగాని బిడ్డను, ఆ మాత్రం నాకు తెలియదా!

చీరలు అమ్ముడుపోని దిగులేమో అనుకున్నాను. ఒకరోజు స్నేహితురాలితో మాట్లాడి ఫోన్ పెట్టేశానో లేదో, నాయిన వచ్చి లాక్కున్నాడు.

"ఇగ సదువు బంద్. బస్సులు నడిస్తే బొంబాయి దిక్కు భీవండిల మీ అత్తమ్మ ఇంటికి తోలుత. గాడనే పని నేర్సుకో."

ఏం చేశానని అడిగితే పోయి మగ్గంలో కూర్చున్నాడు. అవ్వను అడిగితే రాట్నం ఆపకుండానే, "ఏం జేసినవో నీకెర్క" అంది. ఏడ్చాను. అన్నం ముట్టలేదు. నేను వాకిలి ఊడ్వబోతే అవ్వ కూడా వెనకే వచ్చి నిలబడేది, గోడ దూకి పారిపోతానన్నట్టు. నాకు ఒళ్ళు మండిపోయేది.

కొన్ని రోజులకు లెక్కల సారు స్కూటర్ మీద వచ్చాడు. క్లాసుకు రాని పిల్లల ఇళ్ళకు తిరుగుతున్నాడట. మూతికి మాస్కు, నెత్తిన టోపీ, కళ్ళు తప్ప ఏమీ కనిపించడం లేదు. గడప బయటే నిలబడి నన్ను అడిగాడు.

"ఏమమ్మా, నేను రోజు లింక్ పెడుతున్న, నువ్వు సూస్తనే లేవు. ఏమైంది?"

మగ్గం ఆగింది. నాయిన ఒక్క ఉదుటున గడప దగ్గరికొచ్చాడు.

"నా ఇంటికొచ్చి, నా ముంగట్నే, నా బిడ్డకు లింకు పెడుతున్న అంటవా? నువ్వు సారువేనా?"

అప్పటికి గాని నాకు తట్టలేదు. మా దగ్గర లింకు అంటే ఒక్కటే. ఫలానా ఆయనకూ ఫలానా ఆమెకూ లింకు ఉందని, పిల్లల్ని బయటికి పంపి, గొంతు తగ్గించి చెప్పుకుంటారు. నేనేమో పొద్దున్నే ఇంటి నడుమ కూర్చుని, "సార్ నాకింక లింక్ పెట్టలేదే, నీకు పెట్టిండా?" అని స్నేహితురాలిని గట్టిగా అడుగుతున్నాను.

సారు అడుగు వెనక్కి వేశాడు. "నీ ఫోన్ తియ్యి అన్నా. గ్రూపుల గా నీలం అక్షరాలున్నయి సూడు, వాటి మీద ఒత్తు. లింకంటే గదే. పిల్లలందరికి గదే పంపుత."

నాయిన ఒత్తాడు. మా తరగతి పేరు తెర మీదికి వచ్చింది. నమ్మకం కుదరక మళ్ళీ ఒత్తాడు. మళ్ళీ అదే వచ్చింది. అవ్వ గబగబా మంచినీళ్ళు తెస్తే, సారు మాస్కు తీయకుండానే వద్దని చేయి ఊపి వెళ్ళిపోయాడు.

ఫోన్ నా పక్కన పెట్టి నాయిన మగ్గంలో కూర్చున్నాడు. తప్పయింది బిడ్డా అంటాడేమోనని చూశాను. అనలేదు. చాటుగా విన్న ఒక్క మాటను నమ్మాడు గాని, కన్నకూతుర్ని నమ్మలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

ఆయన అరుపులు మాత్రం వీధంతా విన్నది. ఎదురింటి కిటికీ ఆ సాయంత్రం దాకా ఓరగా తెరిచే ఉంది. నాయిన కూడా దాన్ని చూసినట్టున్నాడు.

మర్నాడు నేను పుస్తకం తీయగానే, మగ్గంలోంచి ఆ కిటికీ వైపు మొహం పెట్టి, ఎన్నడూ లేనంత గట్టిగా అడిగాడు.

"బిడ్డా! సారు లింక్ పెట్టిండా?"

నేను ఆయన మొహం చూడలేదు. నేనూ కిటికీ వైపే తిరిగి గొంతు చించుకున్నాను.

"పెట్టిండు నాయినా! అందరికి పెట్టిండు!"

ఎదురింటి కిటికీ రెండు రెక్కలూ తెరుచుకున్నాయి.