సమ్మవ్వ పెట్టిన పొగ

కాలనీ వాళ్ల పేరెత్తితే చాలు, సమ్మవ్వకు ఒళ్లు మండిపోయేది. చిన్నప్పుడు తండ్రి వెంట తిరిగి తేనెటీగలకు పొగ పెట్టడం నేర్చుకున్న పాపానికి, గోదావరిఖనిలో బొగ్గుగని కంపెనీ క్వార్టరుకు కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమెకు ఊపిరి సలపనిచ్చిన వాళ్లు లేరు.

ఎక్కడ తేనెపట్టు కనబడినా ఆమెనే పిలిచేవారు. అక్కడితో ఆగినా బాగుండేది. బాలింత ఇంట్లో పసిగుడ్డుకు సాంబ్రాణి పొగ వేయాలన్నా, మామిడికాయలు పొగలో మాగబెట్టాలన్నా, కొట్టంలో దోమలు తరమాలన్నా సమ్మవ్వే. చివరికి పక్కింటి మల్లక్క, తిష్ఠ వేసుకొని కూర్చున్న ఆడబిడ్డను కనుసైగతో చూపించి, "దీనికి గూడ జర పొగ వెట్టరాదే అక్కా" అన్నది.

"పొగ వెట్టుడు నాకేమన్న సర్కారు నౌకరా?" అని విసుక్కునేది సమ్మవ్వ. విసుక్కుంటూనే పొగ కుండ చంకనేసుకొని పోయేది. పాడు అలవాటు!

ఆ ఎండాకాలం ఒకనాటి పొద్దున, గని దగ్గర ఇంజను నడిపే నజీర్ పరుగున వచ్చాడు. "అక్కా, జల్ది రా. బొగ్గుబాయి కాడి చెట్టుకు ఈగలు లేసినయి, మనుషులను కుడుతున్నయి."

అప్పటికే ఆమె పెనిమిటి రాయమల్లు మొదటి షిఫ్టుకు లోపలికి దిగి ఉన్నాడు. సమ్మవ్వ గొణుక్కుంటూ పోయి, చెట్టు కింద కుండలో పిడకలు రాజేసి ఎప్పటిలాగే ఘాటు వాసన కొట్టే పచ్చి వాయిలాకు వేసింది. పొగ కొమ్మ దాకా లేవనే లేదు. వంగి, నేల మీద పాకి, గని నోట్లోకి దూరింది. లోపలి వాళ్లకు గాలి పోయేది ఆ దారినే. అవతల పెద్ద పంకా ఒకటి దాన్ని గుంజుకుంటూ ఉంటుంది. ఆ సంగతి తెలిసిన నజీర్ తొందరలో మరిచాడు. సమ్మవ్వకు ఎవరూ చెప్పనే లేదు.

"యా అల్లా! ఆర్పు అక్కా, ఆర్పు!"

ఆమె బిందెడు నీళ్లు గుమ్మరించింది గాని అప్పటికే ఆలస్యమైంది. కాలనీలో పొగకు సవాలక్ష పనులు. గనిలో పొగంటే ఒక్కటే అర్థం, అగ్గి అంటుకున్నదని. కాసేపటికి మనుషులు దగ్గుతూ, తిడుతూ, ఒకరి మీద ఒకరు పడుతూ పైకి ఉరికివచ్చారు. సమ్మవ్వ ఒక్కొక్క ముఖమే వెతికింది. రాయమల్లు లేడు.

"ఎంత గుంజినా రాలే వదినా. ఆడనే కూసున్నడు," అన్నాడు అతనితో పనిచేసే పోశం.

తన చేతులతోనే మొగుణ్ని చంపుకున్నానా అని ఆమె గని నోటి దిక్కు ఉరికింది.

అందరూ వచ్చాక, తీరుబడిగా, నవ్వుకుంటూ వచ్చాడు రాయమల్లు. "అది వాయిలాకు పొగనేరా, మా ఇంటిదాని పొగ అని మొత్తుకున్న. ఒక్కడన్న ఇన్నడా?"

చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. సమ్మవ్వ మాత్రం నలుగురిలో అతని అంగీ కాలరు పట్టుకుంది.

"రేపు నిజంగ అగ్గంటుకుంటే? అప్పుడు గూడ మా ఇంటిదాని పొగనే అని కూసుంటవా?"

నవ్వులు ఆగిపోయాయి.

"నా నెత్తి మీద చెయ్యి వెట్టు. నేను వెట్టిన పొగ అని ఎర్కైనా సరే, బయటికి ఉరుకుతనని ఒట్టు వెట్టు."

అతను బొగ్గు చెయ్యి అంగీకి తుడుచుకొని, ఆమె తల మీద పెట్టాడు.