ఇత్తడి పిడి ఉన్న స్పోర్ట్స్ కారు

పోయిన నెల తెనాలిలో మా మేనమామ కన్నుమూశారు. పేరు తెలియనివాళ్ళకి కూడా ఆయన కారు తెలుసు. చర్చి దగ్గర పిల్లలు ‘ఎర్రకారు మాస్టారు’ అనేవాళ్ళు. ఆయన బళ్ళో చెప్పింది లెక్కలని చాలామంది మర్చిపోయారు.

రెండే సీట్లు, పైన కప్పు లేదు, ముక్కు మాత్రం బారెడు. ఏ కాలంలోనో విదేశం నుంచి వచ్చిన స్పోర్ట్స్ కారు. దేశం మొత్తం మీద ఇలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చట. మామయ్యకి అది బాపట్లలో ఓ పాత రైసు మిల్లు షెడ్డులో దొరికింది. అప్పటికి అందులో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. సెలవులన్నీ ధారపోసి దాన్ని రోడ్డెక్కించారు. ఎక్కించాక మాత్రం నిదానమే నిదానం.

“ఇదేం స్పోర్ట్స్ కారండీ, పసుపు బస్తాల ట్రాక్టర్లు కూడా దాటిపోతన్నాయి” అని అత్తయ్య దెప్పేది.

“పోనీవే, వాళ్ళకి దుగ్గిరాల పసుపు యార్డులో పనుంది. మనకేం పని?” అనేవారు.

అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు. ఆ సీటేమో నేలకి జానెడెత్తు. దిగాలంటే ఇద్దరు లాగాలి. రేపల్లెలో ఆవిడ పుట్టింటి తలుపులు మార్చినప్పుడు, పాత ఇత్తడి పిడి ఒకటి తెచ్చి, డ్యాష్‌బోర్డు చెక్కకి బెజ్జాలు వేసి బిగించేశారు మామయ్య. ఇక అది పట్టుకుని ఆవిడ దర్జాగా దిగేది.

నిరుడు డాక్టరు గారు డ్రైవింగ్ మానెయ్యమన్నారు. “నిలబడితే బండికి తుప్పు, మనిషికి జబ్బు” అనేది మామయ్య మాట. అందుకే తను ఉండగానే కారుని తిప్పేవాళ్ళ చేతిలో పెట్టాలని పట్టుబట్టి, పాత కార్లు సేకరించేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో అమ్మకానికి పెట్టించారు. హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చి, బానెట్ ఎత్తి చూసి మురిసిపోయారు. పిడి కనబడేసరికి మొహం మాడింది.

“ఒరిజినల్ చెక్కకి బెజ్జాలేంటండి మాస్టారూ! ఈ పిడి పీకేసి, చెక్క బాగుచేయించుకుంటాను.”

“పిడి తీస్తే మా ఆవిడ ఎట్టా దిగుద్దండి?”

“అమ్మేశాక అమ్మగారు ఇందులో ఎక్కరు కదండీ.”

మామయ్య పిడి మీద చెయ్యి వేశారు. “అయినా సరేనండి, తియ్యటానికి లేదు” అన్నారు.

బేరం అక్కడితో చెడింది. “పిడి కోసం బండి ఆపుకుంటారా? చాదస్తం కాకపోతే!” అని అత్తయ్య వారం రోజులు సణిగింది. భార్య మీద ప్రేమని ఇంతకన్నా గట్టిగా చెప్పిన మనిషిని నేను చూడలేదు. మామయ్య మంచాన పడ్డాక, వచ్చినవాళ్ళందరితోనూ కారు స్టార్ట్ చేయించి, పడుకునే ఆ చప్పుడు వినేవారు. “దీన్ని ఎవరు తిప్పుతారో” అన్న బెంగ మాత్రం చివరిదాకా పోలేదు.

ఆ హైదరాబాదాయన పరామర్శకి వచ్చారు. కారు మాట ఎత్తలేదు. అత్తయ్యే ఎత్తింది.

“తీసుకెళ్ళి తిప్పండి బాబూ. పిడి మీ ఇష్టం.”

“ఉండనివ్వండమ్మా. మా అమ్మకీ మోకాళ్ళ నొప్పులే” అన్నారాయన.

నిన్న కారు బయల్దేరింది. కప్పులేని బండిలో ఇన్నేళ్ళు తిరిగిన మనిషి కదా, గాలికి ముసుగు జారకుండా చెంగు పట్టుకోవడం అత్తయ్యకి అలవాటు. గేటు దగ్గర మా పక్కనే నిలబడి ఉంది. బండి కదలగానే ఆవిడ చెయ్యి దానంతటదే తలమీదికి వెళ్ళి చెంగుని గట్టిగా పట్టుకుంది. మలుపు తిరిగి ఆ చప్పుడు వినబడకుండా పోయేదాకా వదల్లేదు.