తెల్ల దారం కట్టిన పొట్లం

మొన్న మంగళవారం పొద్దున పక్కింటి ఆంటీ పోయారు. ఆస్పత్రి నుంచి వాళ్ళబ్బాయి ఫోన్ చేసేసరికి నేను పెరట్లో చేమమొక్కల తొట్టెకి నీళ్ళు పెడుతున్నాను. ఫోన్ పెట్టేసి వెళ్ళి మళ్ళీ ఆ నీళ్ళే పెట్టాను. ఇంకేం చెయ్యాలో తోచలేదు.

ఆవిడ మన తెలుగువారు కారు. హవాయి దీవుల్లో పుట్టి, మిలిటరీలో పనిచేసే భర్త వెంట ఊళ్ళు తిరిగి, ఆయన పోయాక అరిజోనాలోని ఈ చాండ్లర్‌లో ఉండిపోయిన మనిషి. ఏడేళ్ళ క్రితం, డెబ్బై తొమ్మిదిలో మేము ఈ ఇంట్లో దిగిన రోజున, అలవాటుకొద్దీ "ఆంటీ" అని పిలిచి నాలుక కరుచుకున్నాను. ముక్కూమొహం తెలియనివాళ్ళని అలా పిలిస్తే ఇక్కడ వింతగా చూస్తారని అప్పటికే తెలుసు. ఆవిడ మొహం మాత్రం విప్పారింది. వాళ్ళ దీవుల్లోనూ పెద్దవాళ్ళంతా ఆంటీలూ అంకుల్సేనట. ఈ ఎడారికి వచ్చాక తననెవరూ అలా పిలవలేదన్నారు. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చారు. చెప్పకుండానే చెప్పులు విడిచిన అమెరికన్‌ని నేను చూడటం అదే మొదటిసారి.

అన్నం మీద పైనాపిల్ ముక్క పెట్టి హవాయి భోజనం అనేవాళ్ళంటే ఆవిడకు ఒళ్ళు మంట. ఆదివారం ఆవిడ ఇంట్లో తింటే తెలిసేది అసలు సంగతి. గుండ్రటి గరిటెతో రెండు ముద్దల అన్నం, పక్కన మకరోనీ సలాడ్, లావ్‌లావ్. లావ్‌లావ్ అంటే పంది మాంసమూ ఉప్పుచేపా ఆకుల్లో చుట్టి, ఆవిరి మీద ఉడికించిన పొట్లం. ఇక్కడ ఆ ఆకు దొరక్క పాలకూరతో సరిపెట్టుకునేవారు. "ఏ ఆకు ఆంటీ?" అని అడిగితే పేపర్ టవల్ మీద బొమ్మ గీశారు. చూస్తే మన చేమాకు!

ఫీనిక్స్‌లో చైనావాళ్ళ కొట్టుకు వెళ్ళి చేమదుంపలు తెచ్చాను. వేపుడు చెయ్యకుండా తొట్టెలో పాతి, ఎండ తగలకుండా పాత దుప్పటి కట్టాను. మొదటి ఆకులు కోసి ఇచ్చిన రోజున ఆవిడ వాటిని చెంపకు ఆనించుకున్నారు.

"మేమైతే అరగంటలో వండేస్తాం" అన్నాను.

"గొంతు దురద పెట్టదూ?"

"అందుకేగా ఇంత చింతపండు వేసేది!"

ఆవిడ పకపకా నవ్వారు. "మేము ఐదు గంటలు ఉడికిస్తాం. ఆకుని తొందరపెట్టకు, అమ్మాయ్. దానికి కోపమొస్తే నీ గొంతు పట్టుకుంటుంది."

నేను మాంసం తినను. మా వంటింట్లోకి రానివ్వను కూడా. అది తెలిసిన నాటి నుంచి నాకు వేరే గిన్నెలో, చిలగడదుంప, కొబ్బరిపాలు పెట్టి వేరే పొట్లం చేసేవారు. పైన ఫాయిల్ చుడితే అన్నీ ఒకేలా ఉంటాయి కదా, పొరపాటు జరగకుండా నాదానికి తెల్ల దారం కట్టేవారు. "నీ దారం చూసుకుని తీసుకో" అని వడ్డించేటప్పుడల్లా చెప్పేవారు.

ఈ ఏడాది జబ్బు ముదిరి పొయ్యి దగ్గర నిలబడలేకపోయారు. జూలైలో ఒకరోజు, "ఈసారి నువ్వు చెయ్యి. లావ్‌లావ్ తినాలనుంది" అన్నారు. ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను అడిగింది ఆ ఒక్కటే.

చేశాను. చిలగడదుంపతో చేశాను. మా ఆరేళ్ళ అమ్మాయి పొట్లంలోకి తొంగి చూసి, "అమ్మా, ఆంటీది పోర్క్ కదా? వై ఇందులో లేదు?" అంది. నేను కళ్ళెర్రజేశాను. ఆంటీ పిల్లని దగ్గరకు తీసుకుని, పొట్లంలో సగం తిన్నారు. "ఆకు బాగా ఉడికింది" అన్నారు. బాగుందని మాత్రం అనలేదు. అబద్ధమాడే మనిషి కాదు.

"నెక్స్ట్ టైమ్ పోర్క్ నేను తెస్తాలే, బయట గ్రిల్ మీద చేద్దాం. ఫీల్ అవ్వకు" అన్నారు మా ఆయన. ఆ నెక్స్ట్ టైమ్ రాలేదు.

నిన్న ఆవిడ ఇంట్లో అందరికీ భోజనాలు. తొట్టెలో ఆకులన్నీ కోసేశాను. మాంసం నా చేతులతోనే చుట్టి, మా స్టవ్ మీదే ఐదు గంటలు ఉడికించాను. "ఇప్పుడెందుకే ఇదంతా?" అన్నారు మా ఆయన. "అప్పుడు చెయ్యలేదు కాబట్టి" అన్నాను. ఏడుపొచ్చింది.

వాళ్ళబ్బాయి పొట్లం విప్పి, అచ్చం వాళ్ళమ్మ చేసినట్టే ఉందన్నాడు. నేనూ పళ్ళెం పట్టుకుని వెళ్ళి దారం కోసం వెతికాను. అన్నీ కదిపి చూశాను. ఒక్కదానికీ లేదు. నాకంటూ వేరే కట్టుకోవాలని నాకు తోచనేలేదు. ఈ ఏడేళ్ళూ అది ఆవిడే చూసుకున్నారు.

తరవాత వంటింటి సొరుగులు ఖాళీ చేస్తూ వాళ్ళబ్బాయి ఒక తెల్ల దారం రీలు పైకెత్తి చూపించాడు. "ఇదేంటి? అమ్మకు కుట్టడం రాదే" అన్నాడు. కాలిఫోర్నియాలో ఉండే పిల్లాడు, అతనికేం తెలుసు! అడిగి తెచ్చుకున్నాను.

ఇప్పుడది మా వంటింటి కిటికీలో ఉంది. సగానికి పైగా అయిపోయింది. కొస ఆవిడ ఎక్కడ కత్తిరించి వదిలారో అక్కడే ఉంది.