వంద ఓముల ముక్క

అమ్రాబాద్ బస్టాండు వెనక ఖలీద్ దుకాణానికి ఇప్పుడు ఎక్కువగా సెల్‌ఫోన్లే వస్తాయి. అడవి ఆఫీసు వైర్‌లెస్ సెట్టు చెడిపోతే మాత్రం అతనే దిక్కు. నల్లమల లోపల సెల్ సిగ్నల్ ఉండదు. మంటల కాపలావాళ్లకు ఆ సెట్టులో వినిపించే మాటే ఆధారం.

సెట్టును పరీక్షించాలంటే ఏరియల్ తీసి డమ్మీ లోడ్ తగిలించాలి. సెట్టు శక్తిని గాలిలోకి పోనీయకుండా వేడిగా మార్చే రెసిస్టర్ల కట్ట అది. మొత్తం యాభై ఓములుండాలి. పాత టీవీల్లోంచి పీకిన వెయ్యి ఓములవి పది పక్కపక్కన కలిపితే వంద ఓములయింది. ఇంకో పది దొరకక, ఖలీద్ వాటి పక్కన వంద ఓములది ఒక్కటి అతికి, అన్నీ రేకు డబ్బాలో బిగించాడు. మీటరు యాభై చూపింది. ఒక్కోటి మూడు వాట్లు, పదకొండింటికి ముప్పై మూడు. సెట్టు పంపేది ఇరవై అయిదు వాట్లే కదా అనుకున్నాడు. ఏళ్ల తరబడి క్షణంపాటు నొక్కి వదిలేసే పరీక్షలకు అది సరిపోయింది.

ఆ ఎండాకాలం అడవి సెక్షన్ ఆఫీసర్ సుచరిత ఆఫీసుకున్న ఒక్క సెట్టూ పట్టుకొచ్చింది. "కొద్దిసేపు మాట్లాడంగనే గొంతు తెగుతాంది, ఖలీద్ భాయ్."

"గరమైతెనే తెలుస్తది. జర ఆగుండ్రి మేడం," అని ఖలీద్ బటన్ నొక్కిపట్టాడు.

కాలిన వాసన వచ్చింది. డబ్బాలో సీసం కరిగి, వంద ఓముల ముక్క ఊడి, దాని తీగ రేకుకు ఆని షార్టయింది. సెట్టులో మాటను బయటికి పంపే ట్రాన్సిస్టర్ చచ్చిపోయింది. ఖలీద్‌కు అప్పుడు తట్టింది: సగం శక్తి పదింటికి పంచుకుపోతే, మిగతా సగం ఆ ఒక్కదాని మీదే పడింది. మూడు వాట్ల ముక్క మీద పన్నెండున్నర.

వినే భాగమైనా బతికుందా అని దుకాణం మీది ఏరియల్ తగిలించాడు. బతికే ఉంది. అడవి లోపలి కాపలా మంచె మీంచి గొంతు వచ్చింది.

"ఆఫీసు, ఆఫీసు. సైదులు మాట్లాడుతున్న. మంచె కింద మంట లేసింది. పొగల దారి కనవడ్తలేదు. ఎటు దిగాలె?"

సుచరిత బటన్ నొక్కి అరిచింది. "సైదులూ, పడమటికి దిగు! వాగు దిక్కు!"

"ఏంది మేడం, అందరు చాయ్‌కి పోయిన్రా?"

ఆమె బయటికి పరుగెత్తి, జీపు పంపి వచ్చింది. జీపు అక్కడికి చేరాలంటే కొండ చుట్టి పోవాలి. ఖలీద్ దుకాణంలో డబ్బాలన్నీ బోర్లించాడు. ఆ ట్రాన్సిస్టర్ హైదరాబాద్ నుంచి రావాలని తెలిసి కూడా వెతికాడు.

"మీరు చెప్పేదాక మంచె దిగొద్దంటిరి గద," సైదులు దగ్గాడు. "చెప్పుండ్రి మరి."

ఆ మాట నేర్పింది సుచరితే.

ఖలీద్ మైకు అందుకున్నాడు. "దిగు సైదులన్నా. ఎవల్నీ అడగకు, దిగు."

మాట బయటికి పోతే కదలాల్సిన సెట్టు మీటరు ముల్లు కదల్లేదు.

"ఆఫీసు, ఆఫీసు," అంది సెట్టు.