తొమ్మిదిసార్లు లాగిన కేబుల్

లైన్‌మన్ అన్న పోయాడని మొన్న మంగళవారం పొద్దున ఛత్రినాక బస్టాపులో విన్నాను. టిఫిన్ తింటూ ఉండగానే గుండె ఆగిందట. ఎక్కాల్సిన బస్సు ఎక్కాను. నయాపూల్‌లో దిగాక గాని ఆ మాట నాకు ఎక్కలేదు.

ఆయన టెలిఫోన్ శాఖలో స్తంభాలెక్కే మనిషి. రిటైర్మెంట్ దగ్గర పడ్డాక కంప్యూటర్లను నడిపే లినక్స్ నేర్చుకున్నాడు. బోధకుడినైన నేను వాక్యం నేర్చుకున్నట్టే, గురువు లేకుండా చదివి, తప్పి, మళ్ళీ చదివి. మా ప్రార్థన మందిరం వెనక గదిలో పది పాత కంప్యూటర్లు పెట్టించింది ఆయనే. వాటిలో హార్డ్ డిస్కులు లేవు. పదీ సర్వర్ అనే ఒక్క పెద్ద కంప్యూటర్ మీదే నడిచేవి. బస్తీ ఆడపిల్లలు అక్కడ టైపింగ్ నేర్చుకునేవారు. సర్వర్‌కు కేబుల్ తెగితే పదీ ఆగిపోతాయి కనుక, దానికి రెండు నెట్‌వర్క్ కార్డులు, ఒక్కోదానికి ఒక కేబుల్ పెట్టి, రెండింటినీ ఒకటిగా కట్టాడు. ఒక కేబుల్ పోతే రెండోది మోస్తుంది. దీన్ని బాండింగ్ అంటారు.

బోధకుడికి ఇంతకంటే ఏం కావాలి! ఆదివారం ఆరాధన అయ్యాక సంఘాన్ని ఆ గదిలోకి నడిపించేవాణ్ణి. గ్రంథం తెరిచి, ఇద్దరు కలిసి నడవడం గురించిన వాక్యం ఎత్తుకుని, ఎడమ కేబుల్ పట్టి లాగేవాణ్ణి. "చూడండి! ఒక్క తెరైనా ఆగిందా?" ఆగేది కాదు. అందరూ హల్లెలూయా అనేవారు.

అన్న గడపలో నిలబడి, "తమ్మీ, నోటితోని చెప్పు. చేతులెందుకు పెడ్తవ్?" అనేవాడు.

ఆ గదిని అద్దెకిద్దామని సంఘ పెద్దలు అనుకున్నారు. ఒక శనివారం మధ్యాహ్నం చూడటానికి వచ్చారు. గది పిల్లలకే ఉండాలని నేను మరింత గట్టిగా బోధించాను. ఆ ఊపులో చేతికి అందింది కుడి కేబుల్. లాగాను. పది తెరలూ కొయ్యబారాయి. మళ్ళీ పెట్టినా కదల్లేదు.

"సార్, నా పేజీ మొత్తం పాయె!" అంది టైపు చేస్తున్న ఒక పిల్ల.

"గిదేంది బ్రదర్, రెండున్నయంటివి గదా?" అన్నాడు పెద్దల్లో పెద్దాయన.

అన్నకు ఫోన్ చేశాను. ఆయన ఇంకా రాలేదనుకుని పెద్దలతో, "సగం పని చేసి వదిలేశాడు" అన్నాను. అప్పటికే ఆయన గడపలో ఉన్నాడు. విన్నాడు.

"బంద్ చేసి మళ్ళీ లేపన్నా, జల్దీ" అన్నాను.

"ఆగు తమ్మీ. బంద్ చేస్తే అది చూసిందంత మర్చిపోతది. ముందుగాల అడుగుదాం."

ఒక్క వరస టైపు చేశాడు. ఏ కార్డు ఎలా ఉందో సర్వర్ తెర మీద విడివిడిగా వచ్చింది. కుడిది బాగుంది. ఎడమది చచ్చి ఉంది. దాని కిందే, లింకు ఎన్నిసార్లు తెగిందో అంకె: తొమ్మిది. అవి నేను లాగిన ఆదివారాలు. లాగి లాగి ప్లగ్గు క్లిప్పు విరిగింది. కేబుల్ వదులై, తొమ్మిదోసారి తర్వాత మళ్ళీ పనిచేయలేదు. ఆ తర్వాతి ఆదివారాలన్నీ నేను చచ్చిన కేబుల్‌నే లాగి సాక్ష్యం చెప్పాను.

"ఏం రాసుందక్కడ?" అంటూ పెద్దాయన వంగాడు.

అన్న భుజం అడ్డం పెట్టాడు. "క్లిప్పు ఇరిగింది సార్. చూసుకోవాల్సింది నేను. నాదే గల్తీ." అని, సర్వర్‌ను తనే ఆపి మళ్ళీ లేపాడు. లేచేసరికి ఆ అంకె సున్నా.

వినండి, చదువరులారా! మన మీద రాసి ఉన్న దోషాన్ని దేవుడు చెరిపివేయడం గురించి గొంతు పోయేలా ఎన్నోసార్లు అరిచినవాణ్ణి. చెరిపిన చెయ్యి నా పక్కనే ఉంటే నోరు విప్పలేదు. పెద్దలు గదిని ఉంచారు. చూసుకునే పని మాత్రం ఆయన దగ్గర తీసి వేరొకరికిచ్చారు. అప్పుడూ విప్పలేదు.

తర్వాత దారిలో కలిస్తే, "నడుస్తున్నదా?" అనేవాడు. నడుస్తోందంటే, "నడిస్తే రెండూ బతికున్నట్టు గాదు తమ్మీ. ఒక్కొక్కదాన్ని అడుగు" అనేవాడు.

సమాధి దగ్గర నన్ను మాట్లాడమన్నారు. గ్రంథం మూసి, ఆ తొమ్మిది గురించి చెప్పాను. అందరూ వెళ్ళాక వదిన, ఆయన భార్య, దగ్గరికొచ్చింది.

"నాకెరికే తమ్మీ. ఆ దినమే చెప్పి మస్తు నవ్విండు. నువ్వు ఎప్పుడన్న చెప్తవేమోనని సూశిండు. మస్తు దినాలు సూశిండు."

ఆ శనివారం పెద్దలు వెళ్ళిపోయాక ఆయన కిటికీ దగ్గర బెంచీ మీద కూర్చుని కొత్త ప్లగ్గు వేశాడు. కేబుల్ లోపలి ఎనిమిది సన్నని తీగలను వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసి, రంగు పక్కన రంగు చేరుస్తున్నాడు. నేను వెనక నిలబడ్డాను. ఆయన తల తిప్పలేదు. కొంచెం జరిగి, బెంచీ మీద నాకు చోటిచ్చాడు.