ఊద్ బిరడలకు వేసిన నూనె

మా పెద్దబాపు చాలా ఏళ్లు కువైట్‌లో ఒక ఇంటికి డ్రైవరుగా పనిచేసి, తిరిగి వచ్చేటప్పుడు ఊద్ అనే అరబ్బుల తీగవాద్యం ఒకటి తెచ్చుకున్నాడు. ఆ ఇంటి ముసలాయనే దాన్ని వాయించడం నేర్పి, చివరికి ఇచ్చేశాడట. నిలువునా సగానికి కోసిన పెద్ద సొరకాయ లాంటి పొట్ట, పొట్టి మెడ, వెనక్కి మడిచినట్టుండే తల. పెద్దమ్మ దాన్ని ఎప్పుడూ పేరుతో పిలవదు.

"అందరి మొగోళ్లు బంగారం తెస్తే మా ఆయన సొరకాయ తెచ్చిండు" అంటుంది, ఇంటికి ఎవరొచ్చినా.

"కూర వండుకో మరి" అంటాడు ఆయన.

నాకు అన్నిటికన్నా వింతగా తోచేది దాని తల. పదకొండు తీగలు, వాటిని బిగించడానికి పదకొండు చెక్క బిరడలు. స్క్రూ లేదు, మర లేదు. కొస సన్నగా చెక్కిన కర్ర ఒకటి రంధ్రంలో దూరి ఉంటుంది, అంతే. అంత బిగువు తీగను ఆ కర్ర ఎట్లా ఆపుతుంది? డైరీలో దాని బొమ్మ గీసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టుకున్నాను.

పోయినేడు పెద్దబాపుకు పచ్చవాతం కొద్దిగా తగిలి ఎడమచేతి పట్టు తగ్గింది. దవాఖానలో రబ్బరు బంతి పిసకమన్నారు. రోజూ పిసికి చాలావరకు కోలుకున్నాడు. ఈ వానాకాలం, సెలవు మీద వచ్చిన పెర్కిట్ ఊరి చుట్టం ఒకాయన కువైట్ నుంచి కొత్త తీగలు తెచ్చిచ్చాడు. పెద్దబాపు ఆ రోజే పాత తీగలు కత్తిరించి తీసేశాడు. వానకు చెక్క ఉబ్బి బిరడలు కదలలేదు. ఆయన పళ్లు బిగబట్టి తిప్పుతుంటే చూస్తూ నిలబడ్డాను. సాయం చేయనా అని అడగడానికి నాకు నోరు రాలేదు.

ఆయన నిద్రపోయాక అమ్మ కుట్టుమిషన్ నూనె తీసుకుని, బిరడ బిరడకూ చుక్క చుక్క వేశాను. వెన్నలా తిరిగాయి. ఎవరికీ చెప్పకుండా చేసిన మంచిపని అని మురిసిపోయాను.

తెల్లారి ఆయన కొత్త తీగను పొట్ట మీది చెక్కపట్టీకి ముడివేసి, రెండో కొసను బిరడలోకి దూర్చి తిప్పాడు. తీగ మోగింది. చెయ్యి తీయగానే బిరడ గిర్రున వెనక్కి తిరిగింది, తీగ వేలాడింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ అంతే. అట్లా మూడు రోజులు. మూడోరోజు తన ఎడమచేతిని ఒళ్లో పెట్టుకుని, ఎవరిదో వస్తువును చూసినట్టు చూశాడు.

"తాకత్ పోయింది బిడ్డ. గీ ఊద్‌ను సంచిల వెట్టి అటుక మీద పెట్టు."

సంచిలో పెట్టాను కానీ, అటక మీద కాదు, నా మంచం కింద. ఫోన్లో ఒక వీడియో దొరికింది. అందులో ఒకాయన అరబ్బీలో చెబుతున్నాడు, ఒక్క ముక్క అర్థం కాలేదు. చేతులు మాత్రం అర్థమయ్యాయి. జారే బిరడకు సుద్ద, బిగుసుకున్న బిరడకు సబ్బు. చివర నూనె సీసా ఎత్తి చూపించి, వేలు అడ్డంగా ఊపాడు.

చెప్పాల్సిన మాటను డైరీలో నాలుగు రకాలుగా రాశాను. ఒక్కటీ బయటికి రాలేదు. ఈలోగా ఆయన బంతి పిసకడం మానేశాడు. ఊద్‌ను సంచిలో పెట్టిన రెండోరోజు పొద్దున అంగీ గుండీలు పెట్టమని పెద్దమ్మను పిలిచాడు. అది విన్నాక ఆగలేకపోయాను.

"నీ చెయ్యి మంచిగనే ఉంది పెద్దబాపు. నేనే నూనె వేసిన."

"దేనికి?"

"బిరడలకు. గట్టిగున్నయని. నువ్వు తీగలు ఎక్కియ్యక ముందే."

నిజంగానే కోపమొచ్చింది ఆయనకు. "అయిదు దినాల సంది నన్ను ముసలోన్ని జేసి కూసోవెట్టినవా?"

వంటింట్లోంచి పెద్దమ్మ, "సొరకాయకు పోపు పెట్టినవానే?" అంది.

ఆయన నవ్వలేదు. "సంచి తే" అన్నాడు.

బిరడలన్నీ ఊడదీసి స్పిరిట్ గుడ్డతో తుడిచాను. నేను చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే బడి నుంచి తెచ్చుకున్న చాక్‌పీసులు నా చేతిసంచిలో ఉన్నాయి. వాటిని రుద్దాను. పెద్దబాపు ఒక్కో బిరడను రంధ్రంలో పెట్టి, చెవి దగ్గర తిప్పి విన్నాడు. "ఇంక తడున్నది. మల్ల తుడువు." మార్కెట్ యార్డులో మా బాపు పసుపు కొమ్మును చెవి పక్కన విరిచి ఎండిందో లేదో చెప్పేది అచ్చం ఇట్లాగే. చివరికి బిరడ కిర్రుమంది. "గిప్పుడు ఎండింది."

తీగ ఎక్కిస్తూ చూపించాడు. "ఉత్తగ తిప్పుడు కాదు, లోపటికి ఒత్తుకుంట తిప్పాలె. తీగ చుట్టు బిరడ దొడ్డుగున్న దిక్కు జరగాలె. అప్పుడు తీగనే బిరడను లోపటికి గుంజుకుంటది." నా ప్రశ్నార్థకానికి జవాబు అదన్నమాట. ఏ బిగువు దాన్ని వెనక్కి తిప్పాలని చూస్తుందో, ఆ బిగువే దాన్ని పట్టి ఉంచుతుంది.

చెయ్యి తీశాడు. బిరడ కదల్లేదు. ఆయన చూసింది తీగ వైపు కాదు, తన ఎడమచేతి వైపు.

తొమ్మిదో బిరడ బిగించేసరికి ఆ చెయ్యి నిజంగానే అలిసిపోయింది. ఈసారి ఆయన దాన్ని దాచుకోలేదు. ఊద్‌ను నా వైపు జరిపాడు.

"గీ రెండు నువ్వు తిప్పు. ఒత్తుకుంట."

ఒత్తుతూ తిప్పాను. తీగ సన్నగా లేచింది. ఒక్కో వేలే తీశాను. నిలిచింది.