పీరయ్య పూచీ

పీరయ్యది ధర్మవరం దగ్గర ఒక పల్లె. పీర్ల పండగనాడు పుట్టాడని ఆ పేరు పెట్టారు. సౌదీలో, జుబైల్‌లోని ఒక పెట్రోకెమికల్ ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీరు. గట్టిగా మాట్లాడడు. ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ రోజుల్లో తప్ప అతన్ని ఎవరూ వెతకరు.

కూతురు ఆశా అక్కడి భారతీయుల బడిలో అయిదో తరగతి. ఆ బడిని నడిపే కమిటీకి మూడేళ్లకోసారి ఎన్నికలు. తల్లిదండ్రులే అభ్యర్థులు, తల్లిదండ్రులే ఓటర్లు. ఇంటికి ఒకే ఓటు, తండ్రి తన నివాస కార్డు ఇఖామా చూపించి వేయాలి. మలయాళీలు ఒక్క మాట మీద ఉంటారు. తెలుగువాళ్లకు రెండు సంఘాలు: ఆంధ్రది ఒకటి, తెలంగాణది ఒకటి. తెలుగువాడు ఎన్నడూ గెలవలేదు.

నిలబడమన్నది ఖాసిం. ప్లాంటులో పక్క కుర్చీ, నంద్యాలవాడు.

"నీకు శత్రువులు ల్యారు పీరన్నా."

"స్నేహితులూ ల్యారు కదప్పా."

"అదే మేలు. నీ పేరు సగం మాది, సగం మీది. ఎవురూ కాదనల్యారు."

పీరయ్య ఒకే ఒక్క మాట ఇచ్చాడు. ఆరో తరగతి నుంచి తెలుగును రెండో భాషగా పెట్టిస్తానన్నాడు. ఆశాకు తెలుగు చదవడం రాదు. అది అతనికి లోపల గుచ్చుకునే విషయం. ఊరి బయట విందులకిచ్చే తోట బంగళా, ఇస్తిరాహా ఒకటి అద్దెకు తీసుకుని, బిర్యానీ పెట్టి, ఆ మాటే చెప్పాడు. రెండు సంఘాలూ కలిశాయి. పెద్దమనిషి ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. పీరయ్య గెలిచాడు.

కమిటీ అడ్డు చెప్పలేదు. రెండు షరతులు పెట్టింది. పదిహేను మంది పిల్లలు ఉండాలి. టీచరును కొత్తగా తీసుకోరు, ఉన్నవాళ్లలోనే ఒకరు తమ తరగతి వదిలి రావాలి.

మూడో తరగతికి చెప్పే మదార్బీ తెలుగు ఎమ్మే. ప్రొద్దుటూరామె. భర్త వర్క్‌షాపులో ఫోర్‌మన్. అతని ఒక్కడి జీతంతో భార్యాపిల్లల మీద అక్కడి ప్రభుత్వం నెలనెలా వేసే లెవీ కట్టడం సాగదు. ఆమె ఉద్యోగం ఉన్నంత కాలమే ఆ కుటుంబం ఇక్కడ కలిసి ఉండగలదు. ఇది పీరయ్యకు తెలుసు. తెలిసే వెళ్లి అడిగాడు.

"పిలకాయలు రాకుంటే సార్?" అంది ఆమె.

"వస్తారమ్మా. అందరూ మాటిచ్చినారు."

"రాకుంటే?"

"నాది పూచీ."

ఆమె తన తరగతిని వదులుకుంది. ఆ చోటులోకి వారంలోపే ఇంకొకరు వచ్చారు.

రెండో భాష ఎంచుకునే రోజులొచ్చాయి. ఆశా పేరు మొదట రాయించాడు పీరయ్య. తరవాత పేర్లు మెల్లగా వచ్చి, ఆగిపోయాయి. అతను ఇల్లిల్లూ తిరిగాడు. అన్నిచోట్లా టీ ఇచ్చారు. తెలంగాణ సంఘం అధ్యక్షుడు యాదగిరి సోఫాలో పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నువ్వు గెల్షినంక మా కడుపు నిండిందే అన్నా. గానీ మా పోరిని ఫ్రెంచిల ఏసిన. మార్కులు మస్తేస్తరంట."

"సంఘం అధ్యక్షుడివి నువ్వే ఇట్లంటే ఎట్ల?"

"గందుకే గదనే గన్ని ఓట్లేయించింది. తెలుగు ఉండాలె. మా పోరి కాకుంటె ఇంకొకల పోరి సదువుతది."

ఆ ఇంకొకరి ఇంట్లోనూ ఇదే మాట. ప్రతి ఇల్లూ పక్క ఇంటిని నమ్ముకుంది.

ఆరుగురు చేరారు. కమిటీ వేసవి సెలవుల దాకా చూసింది. సెలవులకు ముందు జరిగిన సమావేశంలో తరగతి ఎత్తేయాలని తీర్మానం వచ్చింది. మదార్బీని మూడో తరగతికి తిరిగి పంపమని పీరయ్య అడిగాడు.

"ఖాళీ లేదు. వచ్చినప్పుడు చూద్దాం" అన్నాడు చైర్మన్.

కమిటీలో పీరయ్యకున్నది ఒక్క ఓటు. రాజీనామా చేస్తే ఆమె తరఫున అడిగేవాడు కూడా ఉండడనుకున్నాడు. అలా అనుకుని తీర్మానం మీద సంతకం పెట్టాడు. సెలవుల తరవాత ఆశా ఫ్రెంచి తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుంది.

ఉద్యోగం పోయిందని మదార్బీకి చెప్పే పని కమిటీ పీరయ్యకే అప్పగించింది. స్టాఫ్ రూము బయట నిలబడి చెప్పాడు.

"నేను రెండు తూర్లు అడిగితి సార్" అంది ఆమె.

"అడిగినారు."

"మీరేమంటిరి?"



ఖాళీ రాలేదు. ఆమెకు, పిల్లలకు దేశం వదిలి వెళ్లే ఎగ్జిట్ వీసా వేయించుకున్నారు. భర్త ఒంటరి పనివాళ్లుండే క్యాంపులో మంచం చూసుకున్నాడు.

ఆమె వెళ్లే ముందు రెండు సంఘాలూ కలిసి సన్మానం పెట్టాయి. ఎన్నికల తరవాత వాళ్లు కలవడం అదే మొదలు. పిల్లల్ని ఫ్రెంచిలో వేసిన వాళ్లందరూ కుటుంబాలతో వచ్చారు. తెలుగుకు ఆమె చేసిన సేవ గురించి యాదగిరి చాలాసేపు మాట్లాడాడు. కమిటీలో ఉన్న ఒకే ఒక్క తెలుగువాడని శాలువా పీరయ్య చేతికిచ్చారు.

ఆమె రెండు చేతులూ జోడించి అతన్ని దూరంగానే ఆపింది.

"వద్దు సార్. లగేజీ ఇప్పటికే బరువెక్కువైంది."

మైకు దగ్గరగా ఉంది. హాలంతా వినబడింది. చమత్కారమనుకుని జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఆమె వేదిక మెట్లు దిగి తన పిల్లల పక్కన కూర్చుంది. శాలువా విప్పి పట్టుకుని పీరయ్య అక్కడే నిలబడ్డాడు. ఫోటో తీసేవాడు అతన్ని కొంచెం పక్కకు జరగమన్నాడు.